ఫ్యూజు పీకడం పొదుపు కాదు

పోస్ట్ కాస్త పెద్దగా వచ్చింది. ఓపిక చేసుకుని చదవండి. తిట్టాలనిపిస్తే కామెంట్లలో తిట్టండి, పర్లేదు.

మొన్న డిసెంబర్ 14న ఇంధన పొదుపు దినోత్సవం అని మా కాలేజీలో వ్యాసరచన పోటీ పెట్టారు. "ప్రభుత్వ పాఠశాలల్లో విద్యుత్ పొదుపు, విద్యార్థుల బాధ్యత" అని టాపిక్. నేనూ రాశాను. గది ఖాళీగా ఉంటే లైటు ఆపాలి, ఫ్యాను ఆపాలి, మొక్కలు నాటాలి, భూమిని కాపాడుకోవాలి అని రెండు పేజీలు నింపేశాను. రెండో బహుమతి వచ్చింది. స్టీలు వాటర్ బాటిల్ ఇచ్చారు. బాగానే ఉంది, ఇప్పుడు అందులోనే నీళ్లు తాగుతున్నా. కానీ ఆ రాత్రి హాస్టల్లో పడుకున్నాక సిగ్గేసింది. ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను గురించి రాశాను కదా, నేను చదివిన ఆశ్రమ పాఠశాలలో అసలు గది ఖాళీగా ఉండేదే కాదు, ఫ్యాను తిరిగేదే కాదు. పగలు క్లాసు, రాత్రి పడక, రెండూ ఆ ఒక్క గదిలోనే. తిరిగే ఫ్యాను ఒకటి ఉంటే దాని కింద చోటు కోసం ట్రంకు పెట్టెలు జరుపుకుని కొట్లాడుకునేవాళ్లం. బహుమతి కోసం ఎవరిదో స్కూలు గురించి రాశాను. మన స్కూళ్ల గురించి ఇక్కడ రాస్తున్నా.

నా గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మాది మణుగూరు వైపు ఒక కోయగూడెం. అయ్య పోడు చేస్తాడు. ఎండాకాలం అమ్మా అయ్యా ఇద్దరూ తునికాకుకి పోతారు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మూడో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాల, ఇప్పుడు పోస్ట్ మెట్రిక్ హాస్టల్లో ఉండి బీఎస్సీ చేస్తున్నా. ఫిజిక్స్ ఒక సబ్జెక్టు. కింద వచ్చే లెక్కల పిచ్చి అక్కడి నుంచే వచ్చింది, విసుక్కోకండి.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా స్కూలు కరెంటు బిల్లు బాగా బాకీ పడింది. లైన్‌మన్ రెండుసార్లు వచ్చి కట్ చేస్తానని చెప్పి పోయాడు. దాంతో రాత్రి 9 కొట్టగానే వాచ్‌మన్ వచ్చి మా గదుల వైపు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని పోవడం మొదలైంది. మళ్లీ పొద్దున 5కి పెట్టేవాడు. ఎండాకాలం కూడా అంతే. ఎవడైనా నోరు తెరిచి అడిగితే "బిల్లు మీ అయ్య కడతాడా" అనేవాళ్లు. ఒక రాత్రి ఆరో తరగతి పిల్లాడు ఒంటేలుకి లేచి చీకట్లో తేలుని తొక్కాడు. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పీహెచ్‌సీకి తీసుకుపోయారు. వాడి ఏడుపు రోడ్డు మలుపు దాకా వినిపించింది. రెండు రోజులకి తిరిగొచ్చాడు. ఆ వారం ఫ్యూజులు పీకలేదు. తర్వాత మళ్లీ మామూలే.

వార్డెన్ సార్‌ని విలన్ చేయాలని ఇది చెప్పట్లేదు. ఆయన దగ్గర బిల్లు కట్టడానికి డబ్బుల్లేవు, రిపేరు చేయించడానికి డబ్బుల్లేవు, చేతికి అందింది ఫ్యూజు ఒక్కటే. అది పీకాడు. ఆ నెల యూనిట్లు తగ్గే ఉంటాయి. యూనిట్లు తగ్గితే కార్బన్ కూడా తగ్గినట్టే కదా. కాగితం మీద చూస్తే అప్పుడు మాది జిల్లాలోనే మంచి పర్యావరణ స్కూలు అయ్యుంటుంది.

అందుకే నా మాట ఒక్కటే. మన స్కూళ్లలో కరెంటు వాడకం తగ్గించొచ్చు, తగ్గించాలి కూడా. కానీ పిల్లలకి వచ్చే గాలి, వెలుతురు దగ్గర చేయి పెట్టకూడదు. పాత సామాన్లు, చెడిపోయినా ఎవరూ పట్టించుకోని సామాన్లు ఊరికే తాగేస్తున్న కరెంటుని పట్టుకోవాలి. ఈ రెండింటికీ తేడా చూడకుండా ఎవరు పొదుపు అన్నా, చివరికి మన ఫ్యూజే పీకుతారు.

కిందటి నెల ఈ గ్రూపులోనే ఒక అన్న రాశాడు, "మనం వాడేది ఎంత, వదిలేది ఎంత, ఈ కార్బన్ గోల పట్నం వాళ్లకి చెప్పుకోండి" అని. అన్న మాటలో న్యాయం ఉంది. అమెరికాలో సగటున మనిషికి ఏడాదికి 14 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తుంది. మన దేశం సగటు 2 టన్నుల చుట్టూ ఉంటుంది. అందులో హైదరాబాద్ ఏసీ అపార్ట్‌మెంటూ ఉంది, మా గూడెంలో రెండు బల్బుల ఇల్లూ ఉంది. ఇంకో సంగతి. మన జిల్లాలో కరెంటుకి కొదవ లేదు. పాల్వంచలో కేటీపీఎస్, మణుగూరు దగ్గర 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్. బొగ్గు సింగరేణిది. 1889లో ఇల్లందులో మొదలైన తవ్వకం ఇప్పటికీ ఆగలేదు. మా గూడెం పక్క గుట్ట ఎక్కితే పొగగొట్టాలు కనిపిస్తాయి. భద్రాద్రి ప్లాంటు కొత్తగా కట్టినా పాత రకం సబ్‌క్రిటికల్ టెక్నాలజీతోనే కట్టారు, అంటే అదే యూనిట్‌కి సూపర్‌క్రిటికల్ కంటే ఎక్కువ బొగ్గు కాలుతుంది. అక్కడ ఆ లెక్క, ఇక్కడ పిల్లలకి ఫ్యాను స్విచ్ మీద వ్యాసరచన పోటీ! పాడేరు, సీలేరు వైపు తమ్ముళ్లదీ ఇదే కథ, కాకపోతే అక్కడ బొగ్గు బదులు నీళ్లు. మాచ్‌ఖండ్ 1955 నుంచి కరెంటు ఇస్తోంది. ఆ వైర్లు ఎన్ని గూడేల నెత్తి మీదుగా ఆగకుండా పోయాయో అక్కడి పెద్దవాళ్లని అడగండి.

ఇదంతా నిజమే. అయినా "మనకెందుకు" అని వదిలేస్తే నష్టపోయేది మనమే అని నేననుకుంటున్నా. వాతావరణం గాడి తప్పితే ముందు దెబ్బ తగిలేది ఎవరికి? 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది, 1986 తర్వాత అంత నీరు అదే. ఆ ఒక్క వరద కార్బన్ వల్లే వచ్చిందని నేను అనను, సైన్సు చదివేవాడు అలా అనకూడదు. కానీ వేడి పెరిగేకొద్దీ కుండపోత వానలు పెరుగుతాయని సైన్సు చెప్తోంది. ఆ వానలకి మునిగేది మన ఇళ్లు. అకాల వానకి తడిసి పాడయ్యేది కల్లంలో ఆరబెట్టిన తునికాకు, రాలే ఇప్ప పువ్వు. ఇక రెండోది, స్కూల్లో వృథా అయ్యే కరెంటుకీ పిల్లల కష్టానికీ మూలం ఒకటే, రిపేరు లేకపోవడం. ఒకటి బాగుచేస్తే రెండోది దానంతటదే బాగవుతుంది. ఇది నాకు ఊహగా తట్టలేదు, మా చెల్లి లెక్క తీస్తే తెలిసింది.

చెల్లి వేరే మండలంలో ఆశ్రమ బాలికల పాఠశాలలో పదో తరగతి. మార్చిలో పరీక్షలు. ఆదివారం కలవడానికి పోయినప్పుడు ఒక పని చెప్పా. స్కూల్లో ఫ్యాన్లు ఎన్ని, తిరిగేవి ఎన్ని లెక్కపెట్టు. రాత్రి 9కి ఒకసారి, పొద్దున 5కి ఒకసారి మీటరు చూసి నోట్‌బుక్ వెనక పేజీలో రాయి. మీటరు స్క్రీన్ మీద నంబర్లు మారుతూ ఉంటాయి కదా, పక్కన కేడబ్ల్యూహెచ్ అని వచ్చినప్పటి నంబరే యూనిట్లు, అది చూపించా. హెచ్ఎం మేడమ్‌ని అడిగితే నవ్వి "చూసుకో, ముట్టుకోకు" అన్నారట. మేడమ్‌కి థ్యాంక్స్ చెప్పాలి, అలా ఒప్పుకునేవాళ్లు తక్కువ.

నాలుగు రాత్రుల లెక్క ఇది: 14, 15, 22, 14 యూనిట్లు. డిసెంబర్ చలి, ఫ్యాన్లు లేవు. పిల్లలందరూ నిద్రలో ఉన్నారు. మరి 14 యూనిట్లు ఎవరు తాగారు? చెల్లే కనిపెట్టింది. వరండాల్లో చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్లు 16. ట్యూబు 40 వాట్లు, చోక్‌తో కలిపి ఒక్కోటి 50 వాట్ల దాకా లాగుతుంది. గ్రౌండ్ వైపు 500 వాట్ల హాలోజన్ లైట్లు రెండు. 8 గంటలకి ట్యూబులు 6.4 యూనిట్లు, హాలోజన్లు 8 యూనిట్లు. సరిగ్గా 14.4. పుస్తకంలో లెక్క మీటరులో కనిపించడం నేను మొదటిసారి చూశా, నిజంగా ఒళ్లు పులకరించింది. ఇక 22 వచ్చిన రాత్రి ఎవరో మోటరు ఆపడం మర్చిపోయారు, ట్యాంకు నిండి కారిందట.

ఇప్పుడు వ్యాసరచన పోటీ పద్ధతిలో అయితే "రాత్రి వరండా లైట్లు ఆపేయండి" అనాలి. ఆడపిల్లల హాస్టల్‌లో బాత్‌రూములు గదులకి యాభై అడుగుల దూరంలో ఉంటే లైట్లు ఎట్లా ఆపుతారు? ఆపకూడదు. మార్చాలి. అవే 16 చోట్ల 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు, గ్రౌండ్‌కి 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు రెండు పెడితే రాత్రికి మూడున్నర యూనిట్లు కూడా కాదు. వెలుతురు అదే ఉంటుంది. రాత్రికి 11 యూనిట్లు మిగులుతాయి. స్కూలు నడిచే 220 రోజులకి 2,400 యూనిట్ల పైన.

ఫ్యాన్ల కథ ఇంకా బాగుంటుంది. మొత్తం 64 ఫ్యాన్లు. 11 తిరగవు. తిరిగేవాటిలో చాలావరకు ముసలి నడకే. కండెన్సర్ పోయిన ఫ్యాను అలాగే తిరుగుతుంది, దాని కింద పడుకున్నా దోమలే. మామూలు పాత ఫ్యాను 75 వాట్లు. తిరిగే 53 ఫ్యాన్లు ఎండాకాలం రోజుకి 12 గంటలు నడిస్తే దాదాపు 48 యూనిట్లు. ఇప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాన్లని వస్తున్నాయి, 30 వాట్ల చుట్టూ లాగుతాయి. మొత్తం 64కి 64 ఇవే పెట్టి అన్నీ 12 గంటలు తిప్పినా రోజుకి 23 యూనిట్లు. మళ్లీ చదవండి. ఇవాళ 11 ఫ్యాన్లు ఆగి ఉండగా 48 యూనిట్లు, రేపు అన్ని ఫ్యాన్లూ తిరుగుతుండగా 23 యూనిట్లు. అంటే పదకొండు ఫ్యాన్ల కింద పడుకునే పిల్లలకి కొత్తగా గాలి వస్తుంది, కరెంటు సగానికి తగ్గుతుంది. నేను చెప్తున్న పొదుపు ఇదీ. ఏజెన్సీలో మనకి ఇంకో లాభం ఉంది. సాయంత్రం వోల్టేజ్ పడిపోతే పాత ఫ్యాను ఈసురోమంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను తక్కువ వోల్టేజ్‌లో కూడా దాదాపు అదే స్పీడుతో తిరుగుతుంది. ఇన్వర్టర్ ఉంటే దాని మీద రెట్టింపు సేపు వస్తుంది.

చెడు కూడా చెప్పాలి. వీటిలో ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. పిడుగులకి, వోల్టేజ్ ఎగుడుదిగుళ్లకి అది పోతే మన సంతలో కూర్చునే మెకానిక్ అన్న బాగుచేయలేడు. రిమోట్ ఇస్తే వారంలో పోతుంది, ఎవడి ట్రంకు పెట్టెలో ఉందో దేవుడికే తెలియాలి. కాబట్టి గోడకి రెగ్యులేటర్ ఉండే రకం తీసుకోవాలి, వారంటీ ఎక్కువ ఏళ్లు ఉన్నది తీసుకోవాలి, పది ఫ్యాన్లకి ఒకటి స్పేర్ బోర్డు స్కూల్లో ఉంచాలి.

డబ్బుల సంగతి. యూనిట్ 7 రూపాయలు అనుకుందాం. లైట్లకి ఏడు వేలు, ట్యాంకు నిండగానే మోటరు దానంతటదే ఆగిపోయే ఫ్లోట్ స్విచ్‌కి ఒక వెయ్యి, మొత్తం ఎనిమిది వేలు. 5 హెచ్‌పీ మోటరు గంటకి 3.7 యూనిట్లు, రోజుకి ఒక గంట వృథా ఆపినా ఏడాదికి 800 యూనిట్లు. లైట్లు, మోటరు కలిపి 3,200 యూనిట్లు, అంటే 22 వేల రూపాయలు. ఎనిమిది వేలు పెట్టి ఏడాదికి ఇరవై రెండు వేలు మిగిల్చుకునే బేరం ఎవరు వదులుకుంటారు? ఫ్యాన్లు మాత్రం ఖరీదు. ఒక్కోటి 3 వేలు అనుకుంటే 64కి రెండు లక్షల దగ్గర. ఏడాదికి మిగిలేది 4,900 యూనిట్లు, 34 వేలు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఐదారేళ్లు పడుతుంది. అబద్ధం ఎందుకు, త్వరగా రాదు. అందుకే ముందు లైట్లు, మోటరు, ఆ మిగిలిన డబ్బుతో ఏడాదికి కొన్ని గదుల ఫ్యాన్లు, ముందుగా ఆ పదకొండు ఉన్న గదులవి.

కార్బన్ ఎంత అంటే, సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ లెక్కలో దేశం గ్రిడ్ మీద యూనిట్‌కి సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పైన చెప్పినవన్నీ కలిపితే ఏడాదికి 8,100 యూనిట్లు, అంటే దాదాపు ఐదున్నర టన్నులు. ఒక్క స్కూల్లో. బొగ్గు రూపంలో చూస్తే, యూనిట్‌కి 700 గ్రాముల చొప్పున, ఒకటిన్నర ట్రాక్టర్ లోడు. మా గుట్ట అవతల ఆ ట్రాక్టరున్నర బొగ్గు భూమిలోనే ఉండిపోతుంది. పెద్ద లెక్క కాదని నాకూ తెలుసు, ప్లాంటులో నిమిషాల్లో కాలిపోయేంత. కానీ ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు, గురుకులాలు, పక్కనే జిల్లా పరిషత్ స్కూళ్లు అన్నీ కలిపి చూడండి.

మోటరు దగ్గర ఒక్క మాట మిగిలింది. ట్యాంకు కారి కారి వెనక ఒక మడుగు తయారైంది, చెల్లి వాళ్ల స్కూల్లో కూడా, నా స్కూల్లో కూడా అదే. అందులో దోమలు. వానాకాలం మన హాస్టళ్లలో జ్వరాల సంగతి మీకు నేను చెప్పాలా? వెయ్యి రూపాయల ఫ్లోట్ స్విచ్ కరెంటు లెక్కలో చిన్నదే, ఆరోగ్యం లెక్కలో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

వంటింటి గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే దాన్ని కొలవలేకపోయాను. గ్యాస్ అయిపోతే కట్టెల పొయ్యి. మా రోజుల్లో ఆదివారం పూట పెద్ద పిల్లల్ని కట్టెలకి పంపేవాళ్లు. వానాకాలం పచ్చి కట్టెల పొగకి వంట అక్క కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి, దగ్గు ఆగేది కాదు. పప్పు ముందు రోజు నానబెట్టడం, గుండిగ మీద మూత పెట్టడం లాంటివి మన అమ్మలకి తెలిసినవే, ఖర్చు లేనివి. కానీ మూడు వందల మందికి ఇద్దరు వండుతుంటే నానబెట్టలేదేం అని వాళ్లని అడగడానికి నాకు నోరు రాదు. ముందు గ్యాస్ ఆగకుండా రావాలి, పొగ పోవడానికి దారి ఉండాలి.

కప్పు సంగతి. మన ఇళ్లు మట్టి గోడలు, గడ్డి కప్పు, మే నెలలో కూడా మధ్యాహ్నం పడుకోవచ్చు. స్కూలు మాత్రం రేకుల షెడ్డు, లేదా ఎండకి కాలే స్లాబు. కొత్తగూడెం ఎండల గురించి వేరే చెప్పాలా. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028 దాకా. ప్రభుత్వ భవనాలకి ఎండని తిప్పికొట్టే తెల్లటి కప్పు ఉండాలని అందులో ఉంది. మన ఆశ్రమ పాఠశాలలు ప్రభుత్వ భవనాలే కదా? మరి ఆ తెల్ల రంగు మన స్లాబుల మీద ఎందుకు కనిపించదు? గది చల్లబడితే ఫ్యాను మీద భారం తగ్గుతుంది, పిల్లలు పడుకోగలుగుతారు. సున్నం కొట్టినా కొంత పని చేస్తుంది.

ఇప్పుడు సోలార్. ఎవరిని అడిగినా "సోలార్ పెట్టిస్తే అన్నీ అయిపోతాయి" అంటారు. మా స్కూలు మీద సోలార్ ఉండేది. ప్రారంభానికి రిబ్బను కట్ చేశారు, మాకు లడ్డూలు పెట్టారు. మూడో ఏడాది బ్యాటరీలు పోయాయి. వాటిలో డిస్టిల్డ్ వాటర్ పోయాలని ఎవరికీ చెప్పలేదు, పోసేవాళ్లు లేరు. నేను వచ్చేసే నాటికి ఆ పలకల కింద పావురాలు గూళ్లు పెట్టుకున్నాయి. కాబట్టి సోలార్ అడిగే ముందు మూడు విషయాలు తెలుసుకోండి. ఒక కిలోవాట్‌కి నీడ పడని వంద చదరపు అడుగులు కావాలి, రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తాయి. పాత ఫ్యాన్లు, హాలోజన్లు అలాగే ఉంచి సోలార్ పెడితే రెట్టింపు పలకలు కావాలి, కాబట్టి ముందు వాడకం తగ్గించాకే సోలార్. రెండు, బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి కలిపే మామూలు సోలార్ కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. బిల్లు తగ్గుతుంది గానీ వానాకాలం రాత్రి చెట్టు పడి లైను తెగితే చీకటే. మన ఏజెన్సీకి కొంచెమైనా బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ రకం కావాలి, కనీసం వరండా లైట్లకి, చదువుకునే గదులకి. మూడు, ఐదేళ్ల మెయింటెనెన్స్ ఎవరు చూస్తారో పేరు, ఫోన్ నంబరు స్కూలు గోడ మీద పెయింట్‌తో రాయాలి. లడ్డూల కంటే అది ముఖ్యం.

ఇక అసలు చిక్కు. 2024 సెప్టెంబర్ 5న మన రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ విద్యాసంస్థలకి కరెంటు ఉచితం అని ప్రకటించింది. మంచి పని, బిల్లు బాకీ అని పిల్లల్ని చీకట్లో పెట్టే రోజులు పోవాలి. కానీ ఉచితం అంటే బిల్లు మాయమైందని కాదు, స్కూలు బదులు ఖజానా కడుతుంది. స్కూలు యూనిట్లు తగ్గించినా స్కూలుకి ఒక్క రూపాయి రాదు. అలాంటప్పుడు హాలోజన్ మార్చాలని హెచ్ఎం మేడమ్ ఎందుకు పరుగెత్తాలి? ఎనిమిది వేలు ఎక్కడి నుంచి తేవాలి? అందుకే నా కోరిక ఇది. కిందటి ఏడాది కంటే స్కూలు ఎంత తగ్గించిందో మీటరు చెప్తుంది. ఆ మిగిలిన డబ్బులో కనీసం సగం అదే స్కూలుకి రిపేర్ల ఫండ్‌గా రావాలి. అయితే దీనికో కాపలా కూడా పెట్టాలి. తిరిగే ఫ్యాన్లు, వెలిగే లైట్ల సంఖ్య తగ్గితే ఆ ఫండ్ ఇవ్వకూడదు. లేకపోతే ఫండ్ కోసం మళ్లీ ఎవరో ఫ్యూజు పీకుతారు, నాకు తెలుసు.

రిపేర్లు చేసేది ఎవరు అంటే, మన మధ్యే ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి పని దొరక్క ఉపాధి హామీకి పోతున్న అన్నలు ఎంతమంది లేరు? పది స్కూళ్లకి ఒక్కరిని పెట్టండి, నెలకోసారి తిరిగి చూడమనండి. కండెన్సర్ మార్చడానికి పట్నం నుంచి మనిషి రావాల్సిన పని లేదు.

అడగడానికి మనకి హక్కు కూడా ఉంది. 1996 పీసా చట్టం షెడ్యూల్డ్ ఏరియాల్లో గ్రామసభకీ, పంచాయతీలకీ సామాజిక రంగ సంస్థల మీద, అక్కడి సిబ్బంది మీద అధికారం ఇవ్వాలని చెప్పింది. స్కూలు అందులోకి రాదా? మన గ్రామసభలో పోడు పట్టాల గురించి మాట్లాడతాం, రోడ్డు గురించి మాట్లాడతాం, స్కూల్లో ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయో ఎప్పుడూ అడగం. మా అయ్యని అడిగితే "అది సార్ల పని గదరా" అన్నాడు. ఆయన తప్పు లేదు, ఆయన్ని స్కూలు గేటు లోపలికి ఎవరూ కుర్చీ వేసి పిలవలేదు. పిలవకపోయినా పోవాల్సింది చదువుకున్న మనం.

ఇప్పుడు మీ వంతు. సంక్రాంతికి అందరం ఇళ్లకి పోతాం. మీ పాత స్కూలుకి గానీ, మీ తమ్ముడు, చెల్లి చదివే స్కూలుకి గానీ సెలవులకి ముందో తర్వాతో ఒకసారి పోండి. పెద్దవాళ్ల అనుమతి తీసుకోండి, వైర్లు, స్విచ్ బోర్డులు ముట్టుకోకండి. ఫ్యాన్లు ఎన్ని, తిరిగేవి ఎన్ని. రాత్రి వెలిగే లైట్లు ఏ రకం. రాత్రి 9, పొద్దున 5 మీటరు నంబర్లు, అక్కడే ఉండే పిల్లలు రాసి ఇస్తారు. ట్యాంకు కారుతోందా. సోలార్ ఉంటే పని చేస్తోందా. ఇవి చాలు. స్కూలు పేరు, సార్ల పేర్లు కామెంట్లలో పెట్టకండి, వాళ్లకి మెమోలు ఇప్పించడం మన పని కాదు. మండలం పేరు చాలు.

వచ్చినవన్నీ నేను ఒక కాగితం మీదకి ఎక్కించి, సెలవులు అయిన తర్వాత వచ్చే సోమవారం భద్రాచలం ఐటీడీఏ గిరిజన దర్బార్‌లో పీవో గారికి ఇస్తా. ఒక్కడినే పోతే దరఖాస్తు తీసుకుని స్టాంపు వేసి పంపేస్తారు. నలుగురైదుగురు వస్తే కూర్చోబెట్టి మాట్లాడతారేమో. చెల్లి తన నోట్‌బుక్ పేజీ చింపి ఇచ్చింది, అది నా దగ్గరే ఉంది. ఎవరెవరు వస్తారో కింద రాయండి.